చెయ్యెత్తే ముందు

రెడ్డిగూడెం చుట్టూ మామిడి తోటలు. మెట్ట పొలాల్లో పత్తి, మిరప. పొద్దున్నే ఆడవాళ్లు కూలికి పోతారు. పొద్దుగూకాక ఇంటికి వస్తారు.

అక్కల్లారా, ఒక ఇల్లు అనుకుందాం. అది మీ వీధిలోది కావచ్చు. పక్క వీధిలోది కావచ్చు.

తల్లి మిరపకాయ కోతకు పోయి వచ్చింది. నడుం పడిపోతోంది. చేతులు మండుతున్నాయి. ఇంకా పొయ్యి వెలిగించాలి. నీళ్లు తేవాలి. నాలుగేళ్ల కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి పాలగిన్నె తన్నేశాడు. పాలన్నీ నేలపాలు.

తల్లికి ఒళ్లు మండిపోయింది. చీపురుకట్ట తీసుకుంది. ఒక దెబ్బ వేసింది. రెండు వేసింది. ఆపలేకపోయింది. మొదటి దెబ్బ పాలు పోయినందుకు. మరి తర్వాతి దెబ్బలు ఎందుకు? మేస్త్రి తిట్టినందుకు ఒకటి. మొగుడు కూలి డబ్బులు తాగేసినందుకు ఒకటి. ఎవరినీ ఏమీ అనలేనందుకు ఇంకొకటి.

ఎదురింటి పెద్దమ్మ పరుగున వచ్చింది. పిల్లవాణ్ణి చంకనేసుకుంది.

"ఏందమ్మా, పసిబిడ్డని అట్టా బాదుతున్నావు?"

"నువ్వూరుకో పెద్దమ్మా. కొట్టకపోతే చెడిపోతాడు. పిల్లల్ని కొట్టి పెంచమని మన మతంలోనే ఉందంట గదా!"

"ఎవరు చెప్పారే నీకు?"

"అందరూ అంటారు."

"అందరూ అనేది వేరు. ఉన్నది వేరు. ముందు వాడికి కాసిని నీళ్లు పట్టు."

ఆ తల్లి ముస్లిం. పెద్దమ్మ కూడా ముస్లిమే. అయితే ఈ సంగతి ముస్లింల ఇళ్లకే కాదు. ఇంకో ఇంట్లో "దెబ్బకు దెయ్యం దడుస్తుంది" అంటారు. మరో ఇంట్లో "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. ఇంకో ఇంట్లో బైబిలులో బెత్తం మాట ఉందంటారు. కొట్టే చేతికి ఏదో ఒక మాట తోడు దొరుకుతుంది.

పెద్దమ్మ చెప్పినట్టు, అనేది వేరు, ఉన్నది వేరు. అసలు ఇస్లాంలో ఏముందో ఈ పాఠంలో చదువుకుందాం. దెబ్బలు పసిపిల్లల్ని ఏం చేస్తాయో కూడా తెలుసుకుందాం.

దెబ్బలు ఎందరు తింటున్నారు?

2007లో భారత ప్రభుత్వం పిల్లల మీద ఒక పెద్ద సర్వే అచ్చు వేసింది. 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లల్ని అడిగారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తింటున్నారని తేలింది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో నూటికి 88 మందిని కొట్టింది ఎవరో కాదు. కన్నవాళ్లే.

పేదవాళ్లూ, చదువు లేనివాళ్లే కొడతారని అనుకోవద్దు. 2012లో నార్వే దేశంలో ఓస్లో నగరం కోర్టు ఒక తెలుగు దంపతులకు జైలు శిక్ష వేసింది. వాళ్లు చదువుకున్నవాళ్లు. మంచి ఉద్యోగం మీద ఆ దేశం వెళ్లినవాళ్లు. ఏడేళ్ల కొడుకును కొట్టారని, బెదిరించారని కేసు. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు శిక్ష పడింది. "మా పిల్లవాడు, మా ఇష్టం" అనే మాట అక్కడి కోర్టులో చెల్లదు. మన దేశంలో కూడా చెల్లదు. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

కొట్టడం అంటే కర్రతో కొట్టడమే కాదు. మన ఇళ్లలో ఎన్ని రకాలున్నాయో చూడండి. తొడపాశం పెడతారు. వాతలు పెడతారు. కళ్లలో కారం కొడతామని బెదిరిస్తారు. చీకటి గదిలో వేసి గడియ పెడతారు. అన్నం పెట్టరు. ఇవన్నీ హింసే.

పసివాళ్లకు ఏమవుతుంది?

రెండేళ్ల బిడ్డకు తప్పు అంటే ఏమిటో తెలియదు. గిన్నె తంతే పాలు పోతాయని తెలియదు. పాలకు డబ్బులవుతాయని అసలే తెలియదు. అమ్మ కొట్టిందని మాత్రం తెలుస్తుంది. ఎందుకు కొట్టిందో తెలియదు.

నాలుగేళ్ల వాడు ఒక చోట కుదురుగా కూర్చోలేడు. అది పొగరు కాదు. ఆ వయసు అంతే. చాలామంది పిల్లలు అయిదారేళ్ల దాకా పక్క తడుపుతారు. అది కావాలని చేసే పని కాదు. నిద్రలో వాళ్లకు తెలియదు. కొడితే ఆ అలవాటు పోదు. భయంతో ఇంకా ఎక్కువవుతుంది.

కొన్ని దెబ్బలు చాలా ప్రమాదం. చెవి మీద కొడితే కర్ణభేరి చిల్లు పడవచ్చు. తల మీద కొడితే లోపల రక్తం కారవచ్చు. చంటిబిడ్డ ఏడుపు ఆపడం లేదని రెండు భుజాలు పట్టుకుని గట్టిగా కుదిపితే, మెదడులో రక్తనాళాలు తెగుతాయి. చూపు పోవచ్చు. ప్రాణమే పోవచ్చు. పైకి గాయం ఏమీ కనపడదు.

పైకి కనపడని గాయం ఇంకొకటి ఉంది. అదే భయం. భయపడ్డ పిల్లవాడు తప్పు మానడు. తప్పు దాస్తాడు. అబద్ధం ఆడతాడు. తనకంటే చిన్నవాళ్లను కొడతాడు. పెద్దవాడయ్యాక పెళ్లాన్ని కొడతాడు. ఇది మనకు తెలియని కథ కాదు గదా!

ఈ మాట ఒక ముస్లిం పండితుడు ఎప్పుడో చెప్పాడు. ఆయన పేరు ఇబ్న్ ఖల్దూన్. 1332లో ఆఫ్రికాలోని ట్యూనిస్ నగరంలో పుట్టాడు. 1377లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. కఠినంగా శిక్షించి చదువు చెబితే పిల్లలు పాడవుతారని, అందులోనూ చిన్నపిల్లలకు మరీ చెరుపని అందులో రాశాడు. వాళ్లు సోమరులవుతారని, దెబ్బలకు భయపడి అబద్ధాలు, మోసం నేర్చుకుంటారని చెప్పాడు. ఆరు వందల ఏళ్లకు పైగా అయింది. ఈనాటి డాక్టర్లు చెప్పేది కూడా ఇదే.

ముహమ్మద్ ప్రవక్త పిల్లలతో ఎలా ఉండేవారు?

ముస్లింలు తమ నడవడికి ముహమ్మద్ ప్రవక్తను ఆదర్శంగా తీసుకుంటారు. ఆయన చెప్పినవీ, చేసినవీ హదీసులలో ఉన్నాయి. పిల్లల గురించి వాటిలో ఉన్న సంగతులు కొన్ని చూద్దాం.

ఒకరోజు ప్రవక్త తన మనుమడు హసన్‌ను ముద్దు పెట్టుకున్నారు. పక్కన ఒక పెద్దమనిషి ఉన్నాడు. నాకు పదిమంది పిల్లలున్నారు, ఒక్కరినీ ఎన్నడూ ముద్దు పెట్టుకోలేదు అన్నాడు. అది మగతనం అనుకున్నాడు కాబోలు. ప్రవక్త ఆయన వంక చూశారు. దయ చూపనివాడికి దయ దొరకదని చెప్పారు.

మరోసారి ప్రవక్త నమాజు చేయిస్తున్నారు. సజ్దాలో ఉండగా మనుమడు వీపు మీద ఎక్కాడు. ఆయన లేవలేదు. పిల్లవాడు దిగేదాకా అలాగే ఉన్నారు. వెనక జనం కంగారు పడ్డారు. పిల్లవాడి సరదా తీరనిద్దామని ఆగానని తర్వాత చెప్పారు. నమాజులో చంటిబిడ్డ ఏడుపు వినపడితే, ఆ తల్లి బాధపడుతుందని నమాజు తొందరగా ముగించేవారు.

అనస్ అనే కుర్రవాడు ప్రవక్త ఇంట్లో పదేళ్లు పని చేశాడు. ఆ పదేళ్లలో ఒక్కనాడూ తనను విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని అడగలేదని అనస్ పెద్దయ్యాక చెప్పాడు. ప్రవక్త భార్య ఆయిషా కూడా ఒక మాట చెప్పారు. యుద్ధంలో తప్ప ఆయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఆడమనిషి మీద గానీ, పనిమనిషి మీద గానీ చెయ్యి చేసుకోలేదు.

ఆడపిల్ల సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పటి అరబ్బుల్లో కొందరు పుట్టిన ఆడపిల్లను బతికుండగానే పూడ్చేవారు. ఖురాన్ దాన్ని ఘోర పాపం అంది. తిండికి లేదనే భయంతో కూడా పిల్లల్ని చంపరాదంది. ప్రవక్త తన మనుమరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారు. పిల్లలకు ఏదైనా ఇస్తే అందరికీ సమానంగా ఇవ్వమన్నారు. కొడుక్కి కోడిగుడ్డు, కూతురికి తొడపాశం పెట్టే ఇళ్లు ఈ మాట వినాలి.

పిల్లలకు శాపాలు పెట్టవద్దని కూడా ప్రవక్త చెప్పారు. మనం కోపంలో ఏమంటామో గుర్తు తెచ్చుకోండి. "చచ్చినోడా", "నీ పాడె కట్ట" అంటాం. అమ్మ నోటి నుంచి వచ్చే మాటలేనా అవి?

మరి పదేళ్ల మాట సంగతి ఏమిటి?

"కొట్టమని ఉంది" అనేవాళ్లు ఒక హదీసు చూపిస్తారు. దాన్ని దాచనక్కరలేదు. ఏడేళ్లు వచ్చాక పిల్లలకు నమాజు చేయమని చెప్పాలి, పదేళ్లు వచ్చినా చేయకపోతే కొట్టాలి అని దాని అర్థం. దీన్ని నిదానంగా చూద్దాం.

ఒకటి. అది నమాజు గురించిన మాట. పాలు ఒలికినందుకు కాదు. పక్క తడిపినందుకు కాదు.

రెండు. పదేళ్ల లోపు పిల్లల్ని కొట్టే మాట అందులో లేదు. ఏడేళ్ల లోపు పిల్లలకైతే నమాజు చేయమని చెప్పే బాధ్యత కూడా లేదు. అంత చిన్నవాళ్లు వాళ్లు.

మూడు. ఏడు నుంచి పదికి మూడేళ్లు. నమాజు రోజుకు ఐదుసార్లు. లెక్క వేయండి. ఐదు వేల సార్లకు పైగా నోటితో చెప్పాలన్నమాట. మనం ఐదుసార్లయినా చెబుతున్నామా?

నాలుగు. పదేళ్లు దాటినా ముఖం మీద కొట్టరాదని, ఒంటి మీద మచ్చ పడరాదని, కోపంతో కొట్టరాదని పాత పండితులు హద్దులు పెట్టారు. కోపం లేనివాడు అసలు చెయ్యెత్తుతాడా? ప్రవక్త తానే ఎన్నడూ కొట్టలేదు కాబట్టి అసలు కొట్టకపోవడమే మంచి దారి అని ఈనాటి పండితులు చాలామంది అంటున్నారు.

ఈజిప్టులోని అల్ అజ్హర్ చాలా పాత ఇస్లామీ విశ్వవిద్యాలయం. అది 2005లో ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యునిసెఫ్‌తో కలిసి పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం తెచ్చింది. పిల్లల్ని హింస నుంచి కాపాడాలని అందులో చెప్పారు. ఇబ్న్ ఖల్దూన్ పుట్టిన ట్యునీషియా ముస్లింల దేశం. అక్కడ 2010లో చట్టం మార్చారు. కన్నవాళ్లు కూడా పిల్లల్ని కొట్టరాదని తేల్చారు.

అమ్మ కష్టం ఎవరు చూస్తారు?

"అన్నీ బాగానే ఉన్నాయి. నా బాధ ఎవరికి తెలుసు?" అని మీరు అనవచ్చు. నిజమే. పొద్దున నుంచి ఎండలో పని. ఇంటికొస్తే తాగిన మొగుడు. అతను ఆమెను కొడతాడు. ఆమె పిల్లవాణ్ణి కొడుతుంది. పిల్లవాడు కుక్కపిల్లను కొడతాడు. దెబ్బ పైనుంచి కిందికి జారుతుంది. అందరికంటే కింద ఉన్నది పసివాడు. వాడు తిరిగి కొట్టలేడు. అందుకే వాణ్ణి కొడుతున్నాం. ఇది చేదుగా ఉన్నా నిజం.

ఒక పేద తల్లి కథ హదీసులలో ఉంది. ఆమె ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని ఆయిషా ఇంటికి వచ్చింది. ఆయిషా మూడు ఖర్జూరాలు ఇచ్చారు. తల్లి పిల్లలకు చెరొకటి పెట్టింది. మూడోది తాను తినబోయింది. పిల్లలు అది కూడా అడిగారు. ఆమె కసరలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరికీ ఇచ్చింది. ఆ ఒక్క పనికి ఆమెకు స్వర్గం దొరుకుతుందని ప్రవక్త చెప్పారు. తాను తినకుండా పిల్లలకు పెట్టే తల్లులు మన ఊళ్లో ఎంతమంది లేరు? మీరూ అలాంటి తల్లే. అన్నం పెట్టే చెయ్యి అదే. కొట్టే చెయ్యి కూడా అదే కావడం ఎందుకు?

కొట్టకుండా ఎలా?

కోపం రాగానే చెయ్యి దించండి. పిల్లవాడు పొయ్యికీ నీళ్లకూ దూరంగా ఉంటే, మీరు గడప దాటి బయటికి రండి. నిలబడి కోపం వస్తే కూర్చోమని, కూర్చున్నా తగ్గకపోతే పడుకోమని ప్రవక్త చెప్పారు. వుజూ చేసుకోవచ్చు. ముఖం మీద చల్లని నీళ్లు కొట్టుకోవచ్చు. ఇది ఏ మతం వాళ్లకయినా పనికొస్తుంది.

పాలగిన్నె ఉట్టి మీద పెట్టండి. కత్తిపీట, అగ్గిపెట్టె, పురుగుమందు డబ్బా పిల్లలకు అందకుండా పెట్టండి. సగం దెబ్బలు తప్పుతాయి.

ఏం చేయకూడదో చెప్పడం కాదు. ఏం చేయాలో చెప్పండి. "పరిగెత్తొద్దు" అని అరిచే బదులు "నెమ్మదిగా నడువు నాన్నా" అనండి. నీళ్లు ఒలికితే చేతికి గుడ్డ ఇచ్చి తుడవమనండి. తప్పును సరిచేసుకోవడం అలా నేర్చుకుంటాడు.

మంచి పని చేసినప్పుడు చూడండి. "బాగా చేశావు" అనండి. తిట్టడానికి వంద మాటలున్నాయి. మెచ్చుకోవడానికి ఒక్కటయినా ఉండాలి గదా.

చంటిబిడ్డ ఏడుపు ఆపకపోతే కుదపవద్దు. ఆకలేమో, తడిసిందేమో, జ్వరమేమో చూడండి. మీకు ఓపిక లేకపోతే ఉయ్యాలలో వేసి పక్కింటివాళ్లను పిలవండి. పిలవడం సిగ్గు కాదు.

మామిడి మొక్క నాటితే పక్కన ఊతకర్ర పాతి కడతాం. మొక్క వంకర పోకుండా అది నిలబెడుతుంది. ఆ కర్రతోనే మొక్కను కొడితే? విరిగిపోతుంది. మొక్కై వంగనిది అనే సామెతకు కొట్టమని అర్థం కాదు. చిన్నప్పటి నుంచే పక్కన నిలబడమని అర్థం.

చట్టం ఏమంటుంది?

బాల న్యాయ చట్టం 2015లో వచ్చింది. పిల్లల బాధ్యత ఉన్నవాళ్లే వాళ్లను కొట్టి హింసిస్తే నేరం. మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బడిలో పిల్లల్ని కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది.

ఏ పిల్లనయినా, పిల్లవాణ్ణయినా ఎవరైనా హింసిస్తుంటే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు. డబ్బులు పడవు. మొగుడు మిమ్మల్నీ కొడుతుంటే 181కి చేయండి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. దెబ్బ గట్టిగా తగిలితే పరువు పోతుందని దాచవద్దు. ఆసుపత్రికి తీసుకుపోండి. ఎలా తగిలిందో డాక్టరుకు నిజం చెప్పండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. సారా గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా ఆపించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్లూ మనలాంటి వాళ్లే. ఇంట్లో దెబ్బను ఆపడం సారా కొట్టు మూయించడం కంటే కష్టమా?

ఆ రాత్రి

మళ్లీ మన కథలోకి వద్దాం. ఆ రాత్రి పిల్లవాడు నిద్రపోయాడు. పిక్క మీద చీపురుపుల్లల వాతలు ఎర్రగా తేలాయి. తల్లి కొబ్బరినూనె రాసింది. వాడు నిద్రలోనే ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

తెల్లారి పెద్దమ్మ వచ్చింది.

"పెద్దమ్మా, నన్ను చూస్తే వాడు భయపడుతున్నాడు. ఇన్నాళ్లూ కొట్టాను. ఇప్పుడు మానితే ఏం లాభం?"

"నిన్న పోయిన పాలు తిరిగి రావు. ఇవాళ గిన్నె కాస్త పైన పెట్టు. వాణ్ణి పిలిచి, కొట్టకుండా ఉండాల్సిందిరా అని చెప్పు."

"పిల్లవాడికి నేను చెప్పేదేంటి పెద్దమ్మా?"

"ఎందుకు చెప్పకూడదే? తప్పు చేస్తే ఒప్పుకోమని వాడికి నేర్పేది నువ్వే గదా!"

తల్లి లోపలికి పోయింది. పిల్లవాడు తలుపు వెనక నక్కి ఉన్నాడు. ఆమె పిలవలేదు. లాగలేదు. వాడి పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపటికి వాడే వచ్చి ఒళ్లో చేరాడు.

మాట్లాడుకుందాం

1. చిన్నప్పుడు మీరు దెబ్బలు తిన్నారా? ఎందుకు తిన్నారో గుర్తుందా? ఆ దెబ్బ గుర్తుందా?
2. పిల్లవాణ్ణి కొట్టినప్పుడు మీకు నిజంగా కోపం ఎవరి మీద?
3. పదేళ్ల హదీసు గురించి ఈ పాఠంలో నాలుగు సంగతులు ఉన్నాయి. వాటిని మీ మాటల్లో చెప్పండి.
4. మీ వీధిలో ఒకరికి కోపం వస్తే ఇంకొకరు పిల్లవాణ్ణి ఎత్తుకునే ఏర్పాటు చేసుకోగలరా?
5. 1098, 181. ఈ రెండు నంబర్లు మీ ఇంటి గోడ మీద సుద్దతో రాయండి.

కొత్త మాటలు

హదీసు: ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతలు చెప్పే విషయం
సజ్దా: నమాజులో నుదురు నేలకు ఆనించి మొక్కడం
వుజూ: నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం
కర్ణభేరి: చెవి లోపల ఉండే పలుచని పొర
జరిమానా: తప్పుకు కట్టే డబ్బు